ఇస్తారి ముద్దుపేరు

పొగగొట్టంలో దూరిన మనిషికి బయటి సంగతులు ముక్కు ద్వారానే తెలుస్తాయి. ఒమాన్ దేశం, మబేలాలోని ఆ ఆఫ్రికా హోటల్ వంటింట్లో, పొయ్యి మీంచి డాబా పైకి పోయే రేకు గొట్టంలో బోర్లా పడుకుని జిడ్డు గీకుతున్న ఇస్తారికి ముందు బొగ్గు రాజుకున్న వాసన వచ్చింది. కాసేపటికి నిమ్మకాయ, ఉప్పు. ఆ తర్వాత కొవ్వు కరిగి నిప్పుల మీద పడిన వాసన. చేతిలో స్క్రేపర్ ఆగిపోయింది.

"ఏం బావా, పండుకున్నవా?" కింద నిలబడి రాలిన జిడ్డును సంచిలోకి ఎత్తుతున్న అంజి గొట్టం మీద తట్టాడు.

"పెరట్ల ఏదో కాలుస్తున్నరు. ఏందది?"

"నీకెందుకు? గీకు."

ఇస్తారికున్న జబ్బే అది. కొత్తది ఏది కంటబడినా దాని సంగతేమిటో తేలేదాకా కాలు నిలవదు. ఘాలాలోని వాళ్ల కంపెనీ పని హోటళ్ల పొగగొట్టాలు కడగడం. చైనా హోటలైనా, టర్కీ హోటలైనా తోటివాళ్లకు జిడ్డు జిడ్డే. ఇస్తారి మాత్రం ఫిల్టర్ విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకుని, వీళ్లు ఏ నూనె వాడతారు, చేపలు ఎక్కువా కోళ్లు ఎక్కువా అని ఆరా తీస్తాడు. సూపర్‌వైజర్ సంజీవ్‌కు అది చూస్తే చిరాకు. "నిన్ను కడగమన్నరా, వాసన చూడమన్నరా?" అంటాడు. సంజీవ్, అంజి, ఇస్తారి ముగ్గురివీ జగిత్యాల పక్క ఊళ్లే. ఘాలాలో ఒకే రూమ్, ఒకే వంట.

ఈ హోటల్ జిడ్డు వేరేగా ఉంది. నూనె తక్కువ, మసి ఎక్కువ. గీకితే చెక్కలు చెక్కలుగా ఊడుతోంది. వేళ్ల మధ్య నలిపితే చిన్నప్పుడు ఊళ్లో యాటను కోసి తలకాయ, కాళ్లు మంట మీద కాల్చినప్పుడు వచ్చే వాసనే వచ్చింది. ఇక ఆగలేకపోయాడు. పాక్కుంటూ వెనక్కి వచ్చి, నిచ్చెన దిగి, గ్లౌజులు విప్పి పెరట్లోకి నడిచాడు.

అక్కడ నిలువునా కోసిన పెద్ద డ్రమ్ములో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. మీద ఇనుప జల్లెడ, దాని మీద పక్కటెముకలు వరసగా. వాటిని తిప్పుతున్న మనిషి గుమ్మం పట్టనంత ఉన్నాడు. ఏదో పాట పాడుకుంటూ ఉప్పునీళ్లలో ఆకుల కట్ట ముంచి మాంసం మీద చిలకరిస్తున్నాడు. ఏప్రాన్ మీద 'మషాకా' అని పేరు కుట్టి ఉంది. మసి కొట్టుకుపోయి కళ్లు మాత్రమే తెల్లగా కనబడుతున్న ఇస్తారిని చూసి పాట ఆపి పడీపడీ నవ్వాడు. ఒక పక్కటెముక కోసి చెక్క మీద పెట్టి, ఉల్లిపాయ, టమాటా ముక్కలు పక్కన వేసి ముందుకు తోశాడు.

"నాకొద్దు భాయ్," అన్నాడు వెనకే వచ్చిన అంజి, రెండు చేతులూ ఊపుతూ.

ఇస్తారి మాంసం వైపు వేలు చూపించి, ఇది దేని మాంసమని తనకొచ్చిన హిందీలో అడిగాడు. "యే కాయ్ కా గోష్ హై?"

మషాకాకు హిందీ రాదు. వేలి వైపు చూశాడు, ఇస్తారి మొహంలోకి చూశాడు. నోరంతా తెరిచి నవ్వి, మెత్తగా, "మ్‌బుజి," అన్నాడు.

ఇస్తారి ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నడు?"

"బుజ్జి అన్నట్టున్నది," అన్నాడు అంజి.

"మ్‌బుజి, మ్‌బుజి," అని మషాకా తల ఊపుతూ చెక్కను ఇంకా దగ్గరికి జరిపాడు. చంటిపిల్లాణ్ణి బతిమాలి తినిపించినట్టే ఉంది.

ఇస్తారిని పుట్టిన తర్వాత ఎవ్వరూ బుజ్జి అనలేదు. ఆయనకంటే ముందు పుట్టినవాళ్లు దక్కలేదని, పురిట్లోనే ఎంగిలి విస్తరాకులో వేసి పెంటకుప్ప దాకా తీసుకుపోయి తెచ్చి ఆ ఇస్తరాకు పేరే పెట్టారు. ముద్దుపేరుతో పిలిస్తే చావు దేవత మిత్తి కంట పడతాడని తల్లి భయం. అందుకే ఒళ్లో కూర్చోబెట్టుకున్నా ఇస్తారే, కొట్టినా ఇస్తారే. అలాంటిది నెత్తి నెరిశాక, ఊరూ పేరూ తెలియని మనిషి బుజ్జీ అంటుంటే ఏమి చేయాలో తోచలేదు. మాంసం సంగతి మరిచిపోయి ఎముక చేత్తో పట్టుకున్నాడు. పైన కరకరలాడింది, లోపల వేలు పెడితే ఊడివచ్చింది. మసాలా లేదు, కారం లేదు. ఉప్పు, పొగ. ఇంతే పెట్టి ఇంత రుచి ఎట్లా తెచ్చాడబ్బా అనుకుంటూ ఎముక నున్నగా అయ్యేదాకా తిన్నాడు.

*

సాయంత్రం రూమ్‌లో అన్నం వార్చే వేళకు ఆ ముచ్చట సంజీవ్ చెవిన పడింది. అంజి నవ్వించడానికే చెప్పాడు గానీ సంజీవ్ నవ్వలేదు.

"ఏం తిన్నవ్ ఇస్తారీ?"

"మాంసం సారూ. బొగ్గుల మీద కాల్చింది."

"ఏ మాంసం?"

ఇస్తారి అడిగిన మాట నిజమే, జవాబు మాత్రం తెచ్చుకోలేదు. బుజ్జీ అని పిలిపించుకుని వచ్చాడు.

"ఆ హోటల్ గోడ మీద ఆవు బొమ్మ ఉన్నది. గీతలు గీసి, ఏ ముక్క ఏడికెళ్లి తీస్తరో రాసిన్రు. నేను కండ్లార చూసిన," అన్నాడు సంజీవ్. "అది పెద్దకూర."

"మేక బొమ్మ గూడ ఉన్నది గద సారూ," అన్నాడు అంజి, మాట జారినందుకు ఇబ్బంది పడుతూ.

"ఉండనీ. ఈయన తిన్నది ఏదో ఈయనకే తెల్వకపాయె. తెలిసేదాంక ఈ అన్నం గంజుల గంటె పెట్టొద్దు. నేను పొద్దున లేస్తే దీపం పెట్టేటోణ్ణి." సంజీవ్ కోపంగా కూడా అనలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పి, ఇస్తారి స్టీలు ప్లేటు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. అన్నం, పప్పు ఎత్తు నుంచి అందులో వడ్డించాడు.

ఇస్తారి పోయి గట్టు దగ్గర నిలబడి తిన్నాడు. సంజీవ్ అడిగిన ప్రశ్న ఆయనకూ పట్టుకుంది. భార్య శాంతమ్మకు ఆపరేషన్ అయినప్పుడు, ఆమె మంచిగా ఇంటికొస్తే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాడు. ఈసారి లీవుకు పోగానే తీర్చాలి. కోడె పలుపు చేత పట్టుకుని గుడి చుట్టూ తిప్పాల్సిన మనిషి కోడెనే తిని పోతే ఎట్లా? ఆ రాత్రి శాంతమ్మ ఫోన్‌లో, "ఏం తిన్నవ్?" అని రోజూ అడిగినట్టే అడిగింది. "పప్పు," అన్నాడు. అది అబద్ధం కాదు, అయినా తొందరగా ఫోన్ పెట్టేశాడు.

*

పొద్దున ప్లేటు కడిగి మళ్లీ కిటికీ గట్టు మీద బోర్లించబోతూ పక్కన ఒక గ్లాసు ఉండడం చూశాడు. రోజూ ఉండేదే. కంపెనీ వ్యాన్ డ్రైవర్ షరీఫ్ గ్లాసు. కడప మనిషి. పొద్దున్నే వ్యాన్ కింద ఆపి, మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి టీ తాగి, గ్లాసు తనే కడిగి గట్టు మీద పెట్టి పోతాడు. ఏళ్ల తరబడి అంతే.

షరీఫ్ వస్తూనే గట్టు వైపు చూసి నవ్వాడు. "ఏందన్నా, నా గ్లాసుకు తోడు దొరికిండాదే!"

అంజి గ్లాసు తాకకుండా పైనుంచి టీ పోసి లోపలికి పోయాడు. ఇస్తారి గుమ్మం బయటికి వచ్చి, గొంతు తగ్గించి జరిగింది చెప్పాడు. షరీఫ్ నవ్వు కొద్దికొద్దిగా తగ్గిపోయింది.

"భాయ్," అన్నాడు ఇస్తారి, "నీ గ్లాసు ఆడ... నువ్వు తొందరల తాగి పోతవని పెట్టిన్రనుకున్న ఇన్ని దినాలు."

షరీఫ్ టీ ఊదుకున్నాడు. "నాకేం తొందరన్నా? మీరు ఎక్కిందాకా బండి కదలదు. కూచోమంటే కూచునేవాణ్ణే."

అన్నది అంతే. దెప్పుతున్నట్టు కూడా లేదు. ఇస్తారికి మాత్రం ఆ మాట చెంప మీద పడినట్టే అనిపించింది. ఎంత చిన్నదైనా పట్టిపట్టి చూసే తను, చైనావాడి నూనె ఏదో వాసన పట్టి చెప్పే తను, మూరెడు దూరంలో ఉన్న గ్లాసును చూడలేదు.

"జుమ్మా రోజు పోదాం పా," అన్నాడు షరీఫ్ గ్లాసు కడుగుతూ. "ఆ హోటలోళ్లు అరబ్బీ మాట్లాడతారు. నేను అడుగుతా. అనుమానంతో ఎందుకు చావడం?"

ఆ రెండు రోజులూ ఇస్తారి కిటికీ దగ్గరే నిలబడి తిన్నాడు. అంజి ఒకసారి తన ప్లేటు తెచ్చుకుని పక్కన నిలబడబోయి, సంజీవ్ దగ్గగానే లోపలికి పోయాడు. ఘాలాలో ఒక గోడౌన్ క్యాంటీన్ గొట్టం కడిగారు. ఇస్తారి ఫిల్టర్ వాసన చూడలేదు. "బావకు ఒంట్ల మంచిగ లేదు," అన్నాడు అంజి.

*

శుక్రవారం పొద్దువాలేసరికి వ్యాన్ మబేలా దారి పట్టింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు షరీఫ్ ముందుకే చూస్తూ అడిగాడు.

"ఒకవేళ బడా గోష్, అదే పెద్దకూర అని తేలితే ఏం చేస్తావన్నా?"

"రాజన్నకు ఏమని జెప్పాలె భాయ్?"

"అది నువ్వూ మీ దేవుడూ తేల్చుకోండి. నేనడిగేది వేరే. నేను తింటాను గదా. ఈ పొద్దు గూడా తింటా. నా పక్కన కూచుంటావా?"

ఇస్తారి కిటికీలోంచి బయటికి చూశాడు. సిగ్నల్ పచ్చబడింది. షరీఫ్ బండి కదిలించాడు.

పగలు కడిగినప్పుడు నిద్రపోతున్నట్టున్న హోటల్ సాయంత్రానికి ఊగిపోతోంది. బల్లలు నిండిపోయి ఫుట్‌పాత్ మీదికి వచ్చాయి. కుట్టుపని టోపీలు పెట్టుకున్న ఒమానీ పెద్దమనుషులు అరబ్బీ వదిలేసి ఆఫ్రికా భాషలో వేళాకోళాలు ఆడుకుంటున్నారు. డ్యూటీ దిగి వచ్చిన సెక్యూరిటీ గార్డులు, రంగురంగుల తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు, బల్లల కింద పరుగులు పెట్టే పిల్లలు. పాట పెద్దగా మోగుతోంది. ఎవరికి వాళ్లు దానికంటే పెద్దగా మాట్లాడుతున్నారు. ఒకామె ప్రతి బల్ల దగ్గరికీ కూజా, తట్ట తెచ్చి చేతుల మీద గోరువెచ్చని నీళ్లు పోస్తోంది. నడుమ మొద్దు మీద మషాకా కత్తి టకటకా ఆడుతోంది. ముక్క తెగినప్పుడల్లా ఆవిరి లేస్తోంది.

ఇస్తారి భయం కాసేపు పక్కకు పోయింది. పక్క బల్ల మీద తెల్లటి ముద్ద కనబడింది. ఒక ముసలాయన దాన్ని వేళ్లతో తుంచి, గుండ్రంగా చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటతో పులుసు ఎత్తి నోట్లో వేసుకున్నాడు.

"భాయ్, గది మక్క గట్క!" అన్నాడు ఇస్తారి షరీఫ్ మోచెయ్యి పట్టి. "మా అవ్వ వండేది. గట్లనే గుంట జేసి తినేది!"

"మా పక్క సంగటి," అన్నాడు షరీఫ్. "దానికి గుంట మేమూ చేస్తాం."

హోటల్ యజమాని బల్ల దగ్గరికి వచ్చింది. పేరు నాదియా. ఒమానీ ఆవిడే గానీ తాతల కాలంలో జాంజిబార్‌లో ఉండి వచ్చిన కుటుంబం. గొట్టం కడిగిన మనిషని తెలిసి సంతోషపడింది. షరీఫ్ అరబ్బీలో అడిగాడు. మంగళవారం మధ్యాహ్నం ఈయనకు పెరట్లో పెట్టిన మాంసం దేనిదని. ఇస్తారికి భాష తెలియదు. షరీఫ్ పెదవుల వైపు, ఆమె కనుబొమల వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

నాదియా తల తిప్పి కేకేసింది. మషాకా మొద్దు మీది నుంచి చూశాడు. ఇస్తారిని గుర్తుపట్టి, కత్తి పైకెత్తి, హోటలంతా వినబడేలా, "మ్‌బుజి!" అని అరిచాడు.

"చూసినవా భాయ్," అన్నాడు ఇస్తారి సిగ్గుపడుతూ. "నన్ను గట్లనే పిలుస్తడు. బుజ్జీ అని."

షరీఫ్ ఆ మాట నాదియాకు చెప్పాడో లేదో ఆమె నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. "బుజ్జి నహీ, మ్‌బుజి," అంది ఇస్తారితో హిందీలో. "మ్‌బుజి మాలుమ్? బక్రీ!"

ఆమె నవ్వుతూ పనిమనిషికి చెప్పిన మాట మషాకా దాకా పోయింది. అతను కత్తి పక్కన పెట్టి, రెండు వేళ్లు కొమ్ముల్లా నెత్తి మీద నిలబెట్టి, "మే... మే..." అని మేకలా అరిచాడు. చుట్టూ ఉన్న బల్లలన్నీ నవ్వాయి. బొగ్గుల మీద పెట్టేది మేకనే, ఆవు మాంసం పుల్లలకు గుచ్చి లోపల వేరే పొయ్యి మీద చేస్తామని నాదియా చెప్పింది.

"రాజన్నా!" అని ఇస్తారి రెండు చేతులూ జోడించాడు. ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు. నవ్వు వచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లు వచ్చాయి. ఏ మాంసమని అడిగితే మనిషి మేక అని చక్కగా చెప్పాడు. ఆ జవాబును తను ముద్దుపేరు అనుకుని జేబులో వేసుకుపోయాడు. గండం గడిచింది. అయినా లోపల ఎక్కడో చిన్న బాధ మిగిలింది. ఇన్నాళ్లకు దొరికిన ముద్దుపేరు కాస్తా మేకది.

చెక్క మీద పక్కటెముకలు వచ్చాయి, గట్క వచ్చింది, నిమ్మకాయ పిండిన ఉల్లిపాయలు వచ్చాయి. షరీఫ్ చెప్పిన పుల్లల ప్లేటు కూడా వచ్చింది, బడా గోష్. అది రాగానే షరీఫ్ దాన్ని బల్ల చివరికి జరుపుకున్నాడు. కుర్చీ కూడా కొంచెం పక్కకు తిప్పుకుని, భుజం అడ్డం పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఆయనకు అది అలవాటు. మాట మాత్రం ఆపలేదు. మషాకా అరిచిన మేక అరుపును తనూ మళ్లీ మళ్లీ చేసి చూపిస్తూ నవ్వుతున్నాడు.

ఇస్తారి ఎముక చెక్క మీద పెట్టి ఆ ప్లేటు వైపు చూశాడు. ఈసారి కనబడింది. చెయ్యి తుడుచుకుని, ప్లేటు అంచు పట్టి బల్ల మధ్యకు లాగాడు.

"అన్నా, అది పెద్ద..."

"ఎరికే. అండ్లది నేను తినను. ఈడ పెట్టుకోని తిను. గింత దూరం కూసుంటే ఈ లొల్లిల నీ మాట నాకు వినబడుతలేదు."

"ముట్టుకున్నావు గదన్నా."

"ప్లేటునే గద ముట్టుకున్న."

షరీఫ్ కుర్చీ మెల్లగా తిప్పుకున్నాడు. తర్వాత షరీఫ్ గట్క తుంచి, గుంట చేసి, కడపలో ఎట్లా తింటారో చూపించాడు. ఇస్తారి తన అవ్వ ఎట్లా తినేదో చూపించాడు. ఎవరిది సరైనదో తేలలేదు.

*

శనివారం పొద్దున సంజీవ్ పోపు పెడుతుండగా ఇస్తారి చెప్పాడు. "సారూ, అడిగిన. యాట కూర. మేకదే."

"పక్కానా?"

"హోటలామె చెప్పింది. షరీఫ్ భాయ్ అరబ్బీల అడిగిండు."

సంజీవ్ మొహం నిజంగానే విప్పారింది. చెడ్డవాడు కాదు. ఇస్తారికి జ్వరం వస్తే జావ కాచి పోసినవాడే. "గిది మొన్ననే అడిగి ఉంటే అయిపోవు గద! నాకు గూడ పానం మంచిగనిపించలే. తెచ్చుకో ప్లేటు లోపలికి."

అంజి చాప మీద జరిగి చోటు చేశాడు. ఇస్తారి కిటికీ దగ్గరికి పోయి ప్లేటు చేతిలోకి తీసుకున్నాడు. పక్కన గ్లాసు ఉంది.

"సారూ, గ్లాసు గూడ తేవాల్నా?"

"ఏ గ్లాసు?"

"షరీఫ్ భాయ్‌ది."

పోపులో ఆవాలు చిటపటలాడి ఆగిపోయాయి. సంజీవ్ గంటె తిప్పుతూ వెనక్కి చూడకుండా అన్నాడు. "అది వేరే ముచ్చట. పొద్దుపొద్దుగాల్నే షురు జెయ్యకు ఇస్తారీ."

ఇస్తారి గొడవ పడలేదు. ఆయనకు గొడవ పడడం రాదు. నల్లా దగ్గర ప్లేటు కడిగాడు. తెచ్చి గట్టు మీద, గ్లాసు పక్కనే బోర్లించాడు. రెండు గ్లాసుల్లో తనే టీ పోసుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

షరీఫ్ వ్యాన్ ఆపి పైకి వస్తూ, కిటికీలో ప్లేటు చూసి మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఏందన్నా, యాటని చెప్పలేదా?"

"జెప్పిన."

"మరి?"

ఇస్తారి టీ గ్లాసు ముందుకు చాచాడు. "కూసో. తొందరేమున్నది?"

షరీఫ్ గ్లాసు తీసుకున్నాడు. ఒకసారి కిటికీ వైపు, ఒకసారి లోపల సంజీవ్ వీపు వైపు చూశాడు. తర్వాత ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, ఇరుకు మెట్టు మీద సగం ఆని సగం ఆనక కూర్చున్నాడు.

"కాస్త జరుగు బుజ్జీ," అన్నాడు. "పడిపోతాండా."

ఇస్తారి జరిగాడు.